బిగుసుకుపోయిన పాత నల్ల సింగర్ కుట్టు మిషన్: కదిలించడం, శుభ్రం చేయడం, కుట్టు సరిచేయడం

కొత్తసూది:
చేత్తో తిప్పే నల్ల సింగర్ మిషన్ ఒకటి బాగుచేయాలి. వివరాలివి: మిషన్ అడుగు పలక మీద కుడివైపు నంబరు ఈఎఫ్ అక్షరాలతో మొదలవుతోంది. బాబిన్ కేసు ఎడమ చివర జారుడు పలక కింద, పక్కనుంచి తీసేలా ఉంది. చక్రం అరంగుళం ముందుకూ వెనక్కూ కదిలి ఆగిపోతోంది. బంగారు పూలగీతల మీద గోధుమరంగు జిడ్డు పేరుకుంది, సూది పలక చుట్టూ కాస్త తుప్పు ఉంది.

అడగాలనుకున్నవి మూడు. ఇది ఏ మోడలు, ఏ కాలంది? మొత్తం తలని కిరసనాయిల్లో ముంచేస్తే వదులవుతుందా? స్పిరిట్‌తో జిడ్డంతా తుడిచేసి కొత్తగా నల్లరంగు కొట్టించడం మంచిదా?

లక్కపూత:
మూడో ప్రశ్నకి ముందు జవాబు, ఎందుకంటే అక్కడ చేయి జారితే వెనక్కి తీసుకోలేం. స్పిరిట్ ముట్టించకండి. ఆ నల్లరంగు మీద డెకాల్స్ (ఆ బంగారు పూలగీతల అంటింపు బొమ్మలు) అతికించి, వాటిపైన పల్చగా లక్క వార్నిష్ వేసేవారు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. ఒక్కసారి తడిగుడ్డతో రుద్దితే పైపూత పోతుంది, రెండోసారికి బంగారం వెండిలా తెల్లబడుతుంది, మూడోసారికి గీతే ఉండదు. చేతులకు రాసుకునే శానిటైజర్, అద్దాలు తుడిచే అమోనియా నీళ్ళు, అసిటోన్, థిన్నర్ అన్నీ ఇదే కోవలోకి వస్తాయి. ఉత్త నీళ్ళు కూడా ఎక్కువసేపు నిలిస్తే లక్క తెల్లగా పొగచూరినట్టు అవుతుంది.

ముంచడం కూడా వద్దు. కిరసనాయిలు లోపలి భాగాలకు మంచిదే కానీ రంగు మీద గంటల తరబడి నిలవకూడదు. శుభ్రం గురించి తర్వాత వివరంగా రాస్తాను. ముందు చక్రం సంగతి చూడండి.

షటిల్:
మోడలు: సింగర్ 15వ తరగతి (క్లాస్ 15). ఎడమ చివరనుంచి బాబిన్ కేసు తీసేది, పై దారాన్ని బిగుతుగా పట్టే టెన్షన్ బిళ్ళలు ముఖపు పలక మీద ఎడమవైపు ఉండేది, సూది కడ్డీ నిలువుగా ఆడేది అయితే అదే. అక్షరాల్లో మొదటిది ఈ కాబట్టి స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో తయారైంది. ఆ ఫ్యాక్టరీ ఉన్న చోటు కిల్‌బోవీ, అందుకే అక్కడి మోడళ్ళ పేర్లలో అంకె తర్వాత కె వస్తుంది: 15కె, 66కె, 99కె, 201కె. ఈఎఫ్ వరుస 1940ల చివరిది.

నంబరు ఇచ్చిన తేదీ వేరు, మిషన్ బయటికొచ్చిన తేదీ వేరు. నంబర్లను కట్టలు కట్టలుగా ఒక్కో మోడలుకు ముందే కేటాయించేవారు, కాబట్టి "ఫలానా నెలలో పుట్టింది" అని ఎవరైనా చెబితే నమ్మనక్కరలేదు. మిషన్ మీది నీలం అంచు బిళ్ళ మీద 1851–1951 అని ఉంటే అది కంపెనీ వందేళ్ళ గుర్తు. ఆ బిళ్ళని బట్టి ఆ రెండు మూడేళ్ళ ప్రాంతమని మాత్రమే చెప్పగలం.

పోల్చుకోడానికి మిగతావి: పొడుగాటి సన్న బాబిన్, పడవలాంటి షటిల్ (కింది దారాన్ని పై దారంతో ముడివేసే భాగం) ఉంటే 27, 28, 127, 128 తరగతులు. 27, 127 పూర్తి సైజు, 28, 128 ముప్పావు సైజు. బాబిన్ పైనుంచి పడేసేది అయితే 66 లేదా దాని చిన్నరూపం 99. 15 బాబిన్, 66 బాబిన్ ఒకదానికొకటి పనికిరావు. 66 బాబిన్ బిళ్ళలు కొంచెం ఉబ్బుగా ఉంటాయి, 15 బాబిన్ బిళ్ళలు చదునుగా ఉంటాయి. దుకాణంలో రెండూ ఒకే డబ్బాలో కలిసి ఉంటాయి, బల్లమీద పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది.

గ్రీజుచేతులు:
ఇక కదిలించడం. అరంగుళం కదులుతోందంటే అది తుప్పు పట్టేసింది కాదు. గట్టిపడిన పాత నూనె అయినా అయ్యుండాలి, ఎక్కడో దారం ఇరుక్కునైనా ఉండాలి. పదింటిలో తొమ్మిదిసార్లు ఈ రెండింట్లో ఒకటే. వరసగా ఇలా చేయండి.

సూది తీసేయండి. పాదం, బాబిన్ కేసు తీసేయండి. సూది పలక స్క్రూలు రెండూ విప్పి పలక ఎత్తండి. స్క్రూల గాడి నిండా మురికి ఉంటే ముందు గుండుసూదితో గీకి, గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్ మాత్రమే వాడండి. సన్నదానితో బలవంతం చేస్తే గాడి చితుకుతుంది. ఆ స్క్రూ మరలు మామూలు మిల్లీమీటరు మరలు కావు, బదులు దొరకడం కష్టం.

పలక కింద, గుడ్డని జరిపే పళ్ళ మధ్య చూడండి. దారపు నూగు, నూనె కలిసి అట్టముక్కలా గట్టిపడి ఉంటుంది. పొడవాటి సూదితోనో పుల్లతోనో ముక్కలు ముక్కలుగా తీయండి. ఊదొద్దు, ఊదితే లోపలికి పోతుంది. తర్వాత షటిల్ తిరిగే గుండ్రటి గూడు. దాని బయటి రింగుని కొన్నిటికి రెండు స్క్రూలు, కొన్నిటికి రెండు చిన్న పట్లు పట్టుకుని ఉంటాయి. రింగు తీస్తే అర్ధచంద్రంలా ఉన్న షటిల్ చేతిలోకి వస్తుంది. గూడు అంచులో ఒకే ఒక్క దారపు పోగు ఇరుక్కున్నా చక్రం ఆగిపోతుంది. గోరుతో అంచు చుట్టూ తడిమి చూడండి.

తర్వాత చక్రానికీ మిషన్ ఒంటికీ మధ్య సందు. బాబిన్ చుట్టేటప్పుడు తప్పిన దారం అక్కడికి పోయి ఇరుసుకు చుట్టుకుంటుంది. నల్లటి మురికిలో కలిసిపోయి బయటికి కనబడదు. అటునుంచి టార్చి వేసి చూడండి.

ఇవన్నీ అయ్యాక నూనె రంధ్రాలు. పైన నాలుగైదు, ముఖపు పలక వెనక రెండు మూడు, వెనకవైపు గుండ్రటి మూత తీస్తే లోపల కొన్ని, మిషన్‌ని వెనక్కి వాల్చితే అడుగున ప్రతి కీలు దగ్గరా ఒకటి. లోహం మీద లోహం రుద్దుకునే ప్రతిచోటా రెండేసి చుక్కలు కిరసనాయిలు. రాత్రంతా వదిలేయండి. పొద్దున హెయిర్ డ్రయ్యర్‌తో ఇరుసు ప్రాంతాన్ని చేయి పెట్టగలిగినంత వేడి చేసి, చక్రాన్ని రెండు చేతులతో ముందుకూ వెనక్కూ ఊపండి. తిప్పడం కాదు, ఊపడం. ప్రతిసారీ కొంచెం ఎక్కువ కదులుతుంది. ఎక్కడ ఆగుతుందో గుర్తుపెట్టుకుని ఆ కీలుకే మళ్ళీ పోయండి.

సుత్తి, పైపు, చక్రానికి తాడు కట్టి లాగడం ఏదీ వద్దు. పోత ఇనుము వంగదు, పగులుతుంది.

పూర్తిగా తిరిగాక కిరసనాయిలంతా గుడ్డతో పీల్చేయండి. అది మురికిని కరిగిస్తుందే కానీ కందెన కాదు, అలా వదిలేసి తిప్పితే కీళ్ళు అరుగుతాయి. వెంటనే తెల్లటి మిషన్ నూనె ఒక్కో రంధ్రంలో ఒకటి రెండు చుక్కలు వేసి నిమిషంపాటు తిప్పండి. నల్లగా కారుతుంది. తుడిచి మళ్ళీ వేయండి. నూనె తెల్లగా వచ్చేదాకా ఇదే పని. కొబ్బరినూనె, ఆముదం, వంటనూనె ఏవీ పోయొద్దు. కొన్నాళ్ళకు అవి బంకలా మారతాయి. మీ మిషన్‌కి ఈ గతి పట్టింది బహుశా వాటివల్లే.

కొత్తసూది:
చక్రం ఇప్పుడు పూర్తిగా తిరుగుతోంది. షటిల్ గూట్లో ఎర్రదారం ముక్క, పళ్ళకింద వేలెడంత గట్టి నూగు దొరికాయి. కొత్త చిక్కు: బాబిన్ చుట్టడానికి చక్రం మధ్యలో ఉన్న పెద్ద బిళ్ళ స్క్రూ వదులు చేసినా సూది ఆగడం లేదు, చక్రంతోపాటే ఆడుతోంది.

గ్రీజుచేతులు:
చక్రం ఇరుసుకు అతుక్కుపోయింది. పెద్ద బిళ్ళలో అంచు దగ్గర చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. ముందు దాన్ని రెండు మూడు చుట్లు వదులు చేస్తేనే పెద్దది పూర్తిగా ఊడుతుంది. ఇది చూసుకోక బలవంతంగా తిప్పినవాళ్ళ వల్లే చాలా మిషన్లలో ఆ చిన్న స్క్రూ విరిగి ఉంటుంది.

బిళ్ళ ఊడాక లోపల ఒక వాషర్. బయటి అంచున మూడు చెవులు, లోపలి అంచున రెండు చిన్న నాలుకలు. తీసేముందు ఫొటో తీసుకోండి. నాలుకల వంపు మీవైపుకి ఉంటుంది. ఆ తర్వాత చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతూ బయటికి లాగండి. ఇరుసు మీద గోధుమరంగు పెంకు కనిపిస్తుంది, అదే అతుక్కున్నది. కిరసనాయిలు గుడ్డతో ఇరుసునీ చక్రం లోపలి రంధ్రాన్నీ మెరిసేదాకా తుడవండి. ఎమరీ కాగితం వద్దు. చుక్క నూనె రాసి బిగించండి.

బిగించాక బిళ్ళ గట్టిచేస్తే సూది ఆడాలి, వదులు చేస్తే ఆగాలి. ఈ రెంటిలో ఏది జరగకపోయినా, చిన్న స్క్రూ చెవికి తగిలి ముందే ఆగిపోయినా, వాషర్‌ని సగం చుట్టు తిప్పి మళ్ళీ పెట్టండి. రెండు స్థానాల్లో ఒక్కటే సరిపోతుంది. ఏది పాడైందా అని గంటలు గంటలు వెతికేవాళ్ళకి చివరికి తేలేది ఈ సగం చుట్టే.

లక్కపూత:
ఇప్పుడు ఒళ్ళు తుడవడం. కావలసింది మెత్తటి పాత నూలుగుడ్డ, దూది, మిషన్ నూనె, ఓపిక. నూనె ధారాళంగా రాసి అరగంట వదలండి. దూదితో చిన్న చిన్న గుండ్రాలుగా తుడవండి, దూది గోధుమరంగు అవుతుంది, మార్చండి. దూదికి బంగారు రంగో నలుపో అంటిందంటే అక్కడితో ఆపేయాలి, పైపూత అక్కడ అప్పటికే లేదన్నమాట. డెకాల్స్ లేని నల్లభాగం మీద కొంచెం ధైర్యం చేయొచ్చు. డెకాల్స్ మీద గట్టిగా నొక్కకూడదు. గిన్నెలు తోమే పొడి, టూత్‌పేస్ట్, కారు పాలిష్ అన్నిట్లోనూ గరుకు ఉంటుంది, డెకాల్స్ దరిదాపుల్లోకి రానివ్వొద్దు.

మెరిసే లోహభాగాలు వేరు. ముఖపు పలక, వెనక గుండ్రటి మూత, సూది పలక విప్పి పక్కకు పెట్టి మెటల్ పాలిష్‌తో రుద్దండి. అడుగున ఇనుము కనిపిస్తే ఆపండి, నికెల్ పూత పల్చనిది. తుప్పుకి సిట్రిక్ యాసిడ్ పనిచేస్తుంది: లీటరు నీళ్ళకి 50 గ్రాములు, గంటకోసారి చూసుకుంటూ. తీయగానే వంటసోడా కలిపిన నీళ్ళలో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి, లేకపోతే పది నిమిషాల్లో కొత్త తుప్పు మొలుస్తుంది. స్ప్రింగుల్ని మాత్రం యాసిడ్‌లో వేయకండి. ఉక్కులోకి హైడ్రోజన్ చేరి పెళుసవుతాయి, తర్వాతెప్పుడో టెన్షన్ బిగిస్తుంటే టక్కున విరుగుతాయి.

పైపూత పోయినచోట మళ్ళీ లక్క వేయొచ్చు. 100 మిల్లీలీటర్ల స్పిరిట్‌లో 12 గ్రాముల లక్క రేకులు వేసి, ఒక రోజు కరగనిచ్చి వడకట్టండి. పాతబడిన ద్రావణం ఆరదు, జిగటగానే ఉండిపోతుంది. కాబట్టి ముందు గాజుముక్క మీద చుక్క వేసి, కొద్ది నిమిషాల్లో గట్టిపడుతుందో లేదో చూడండి. వేసే ముందు నూనె పూర్తిగా తీసేయాలి. మెత్తటి కుంచెతో గానీ దూది మూటతో గానీ ఒకే దిశలో ఒకే ఒక్క దాటు. అదే చోట రెండోసారి రాయొద్దు, లక్కలో ఉన్న స్పిరిట్టే కింది పూతని కరిగించి డెకాల్‌ని లేపేస్తుంది. గంట ఆగి ఇంకో పూత. మూడు నాలుగు పల్చటి పూతలు చాలు.

రంగుడబ్బా:
డెకాల్స్ సగం పోయిన మిషన్‌ని అలాగే వెలవెలబోతూ ఉంచడంలో అర్థం లేదు. రంగంతా గీకేసి పౌడర్ కోటింగ్ (పొడిగా చల్లి వేడితో కరిగించే రంగు) వేయించి కొత్త డెకాల్స్ అతికిస్తే షోరూం నుంచి వచ్చినట్టు ఉంటుంది. పాత బొమ్మల నమూనాలు అమ్ముతున్నారు కూడా.

లక్కపూత:
ఒంటిమీద రంగు సగానికి పైగా ఊడి ఇనుము తుప్పు పట్టినదైతే మీ మాటే సరే. ఇది అలాంటిది కాదు, జిడ్డు పట్టినదే. ఇంకో సంగతి, పౌడర్ కోటింగ్‌ని దాదాపు 180–200 డిగ్రీల వేడి పొయ్యిలో కాలుస్తారు. దానికి ముందు ప్రతి ఇరుసు, ప్రతి బుష్షు (కడ్డీ ఆడే గొట్టం) ఊడదీయాలి, రంధ్రాలన్నీ మూయాలి. పూత మందం బుష్షులోకి పోతే సూది కడ్డీ బిగుసుకుంటుంది. పాత రంగు గీకడానికి ఇసుక కొట్టిస్తే ఆ ఇసుక రేణువులు నూనె రంధ్రాల్లో దాక్కుని తర్వాత ఇరుసుల్ని ఆకురాయిలా అరగదీస్తాయి. వేసే తీరాలంటే చేత్తో గీకి, ఎనామెల్ స్ప్రే వేయండి. పాతది ఒకసారి పోతే మళ్ళీ రాదు, కొత్తది ఎప్పుడైనా వేసుకోవచ్చు.

రంగుడబ్బా:
ఇసుక సంగతి నిజమే. గీకాల్సి వస్తే రసాయనం రాసి తీయడమే మేలు. అయినా ఇంటికొచ్చినవాళ్ళకి చూపించే మిషన్‌కీ రోజూ కుట్టే మిషన్‌కీ ఒకే నియమం పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం.

కొత్తసూది:
వాషర్ సగం చుట్టు తిప్పగానే బాబిన్ చుట్టడం కుదిరింది. కుట్టి చూశాను. పైన కుట్టు బాగానే ఉంది, గుడ్డ అడుగున దారం ఉండలు ఉండలుగా చుట్టుకుంటోంది. బాబిన్ కేసు స్క్రూ బిగించినా తగ్గలేదు.

షటిల్:
అడుగున ఉండలు వస్తే తప్పు పైన ఉంటుంది. పై దారాన్ని పట్టి ఉంచేదేదీ లేకపోవడంతో షటిల్ లాగినంతా కిందికి పోతోంది. బాబిన్ కేసు స్క్రూని మళ్ళీ పాతచోటికి తెచ్చేయండి.

మొదట పాదం ఎత్తి ఉంచి పై దారం మళ్ళీ ఎక్కించండి. పాదం కింద ఉన్నప్పుడు టెన్షన్ బిళ్ళలు మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకి దూరదు, అంచున ఊరకే వేలాడుతుంది. ఎక్కించాక పాదం ఎత్తి దారం లాగితే జారాలి, పాదం దించి లాగితే గట్టిగా పట్టాలి. రెండు సందర్భాల్లోనూ జారుతుంటే బిళ్ళల మధ్య నూగు ఉంది, లేదా ఎవరో టెన్షన్ విప్పి తప్పుగా బిగించారు. రెండు సందర్భాల్లోనూ పట్టేస్తుంటే పాదం ఎత్తినప్పుడు బిళ్ళల్ని విడదీసే లోపలి పిన్ను ఇరుక్కుంది, లేదా నట్టు మరీ బిగిసింది.

విప్పినప్పుడు రెండు బిళ్ళల ఉబ్బు భాగాలు ఒకదానికొకటి ఎదురెదురుగా ఉండాలి, పల్లపు భాగాలు బయటికి. తిరగేస్తే దారం అంచుల్లో ఇరుక్కుని తెగుతుంది. బిళ్ళల మధ్య స్పిరిట్‌లో తడిపిన గుడ్డముక్కని అటూ ఇటూ లాగండి, ఇక్కడ లక్క లేదు కాబట్టి స్పిరిట్ పర్వాలేదు.

టెన్షన్ పక్కనే సన్నటి తీగ స్ప్రింగు ఉంటుంది. సూది మొన గుడ్డని తాకేసరికి ఆ తీగ తన ఆగే చోటికి చేరాలి. అది విరిగినా వంగినా పై దారం ఒక్క క్షణం వదులై సూది మొనకే తగులుకుంటుంది.

ఇప్పుడు సూది. 15 తరగతిలో సూది చదును ముఖం ఎడమవైపు ఉండాలి, దారం కుడినుంచి ఎడమకి దూర్చాలి. 99, 66లలో దీనికి ఉల్టా. మోడలు తెలియకపోతే ఒక గుర్తు: సూదికి ఒకవైపు పొడవాటి గాడి ఉంటుంది, దారం చివరి కొక్కెం నుంచి వచ్చే వైపుకే ఆ గాడి ఉండాలి, దారం గాడి వైపునుంచి దూరాలి. చదును ముఖం షటిల్ మొన వచ్చే వైపు.

బాబిన్ కేసుకు రెండు స్క్రూలుంటాయి. రేకు మధ్యలో ఉన్న పెద్దది టెన్షన్‌ది, చివర ఉన్న చిన్నది రేకుని పట్టి ఉంచేది. చిన్నదాన్ని ముట్టుకోకండి. దారం పట్టుకుని కేసుని వేలాడదీస్తే తనంతట తాను జారకూడదు, చెయ్యి కొంచెం కుదిపితే ఒకటి రెండు అంగుళాలు దిగి ఆగాలి. మార్చాల్సి వస్తే గడియారం ముల్లు ఐదు నిమిషాలు కదిలినంత మాత్రమే. పాతకేసు పోయి కొత్తది కొంటుంటే పాతదాన్ని దగ్గరుంచుకోండి. పైకి పొడుచుకొచ్చే వేలు రెండు రకాల దిశల్లో వస్తుంది, తప్పుది కొంటే కూర్చోదు, కూర్చున్నా దారం తెంపుతుంది.

తొక్కుడుబల్ల:
ఇది చేతి మిషన్ కాబట్టి ఇప్పుడు అవసరం లేదు గానీ, రేపు ఇనప కాళ్ళ బల్ల దొరికి దానిమీద పెట్టేవాళ్ళకోసం. తోలు బెల్టు మందం 4.8 మిల్లీమీటర్లు, అంటే పావు అంగుళం కన్నా తక్కువ. పొడవుగా కొని, కింది చక్రం, పై చక్రం చుట్టూ వేసి కొలిచి కోయండి. వేలితో నొక్కితే అంగుళం పైన వంగాలి. బిగుతుగా ఉంటే తొక్కడం కష్టమవుతుంది, ఇరుసు కూడా అరుగుతుంది. బెల్టు జారుతోందని మరింత బిగించేముందు దానికి నూనె అంటిందేమో చూడండి. తోలుకి నూనె అంటితే బిగింపు పనిచేయదు, మార్చాల్సిందే.

పై చక్రం మీ వైపుకి తిరగాలి. వెనక్కి తిప్పితే వెంటనే దారం చిక్కుపడుతుంది. అయితే ఇది సింగర్ మాట, కొన్ని కంపెనీల మిషన్లు ఉల్టా తిరుగుతాయి, వైట్ కంపెనీ రోటరీ వాటిలో ఒకటి. బల్లకింద పిట్‌మన్ కడ్డీ (తొక్కుడు పలకని కింది చక్రానికి కలిపేది) కీలు టకటకలాడుతుంటే నట్టు కాస్త బిగించి వదులు తీసేయండి, పూర్తిగా బిగిస్తే కదలదు.

చేతి హ్యాండిల్‌కి కావలసింది కమ్మీల చక్రం. హ్యాండిల్ వేలు రెండు కమ్మీల మధ్య దూరి తోస్తుంది. కమ్మీలు లేని నిండు చక్రానికి హ్యాండిల్ తగిలించలేం. ఆ వేలుకి తొడిగిన తోలు అరిగిపోతే లోహం లోహాన్ని కొట్టి చప్పుడు చేస్తుంది. పాత చెప్పు తోలు ముక్క చాలు.

కరెంటువాలా:
మోటారు తగిలించిన మిషన్ దొరికినవాళ్ళకి ఒక్క మాట. ప్లగ్గు పెట్టి చూద్దాం అనుకోకండి. ఆ కాలపు రబ్బరు తొడుగు తీగలు వంచితే పొడిపొడిగా రాలిపోతాయి, లోపల రాగి బయటపడుతుంది. మోటారు పలక మీద వోల్టేజీ చదవండి, 110 అని ఉంటే 230కి తగిలించకూడదు. కొన్నిటిలో రేడియో గరగర పోగొట్టడానికి పెట్టిన కండెన్సరు పాతబడి షార్టు అవుతుంది. తీగలన్నీ కొత్తవి వేయించండి. మిషన్ ఒంట్లోనే మోటారు ఇమిడిన 15-91, 201-2 వంటి మోడళ్ళలో మోటారు గ్రీజు గొట్టాలకి వేజలీన్ లాంటి తేలిక గ్రీజే పెట్టాలి. వేడికి కరిగి వత్తిగుండా బుష్షుకి చేరేలా చేసిన ఏర్పాటది. గట్టి లిథియం గ్రీజు కరగదు, బుష్షు ఎండిపోతుంది.

పాతకాగితం:
మిషన్ ఏ కాలందన్న మాట వచ్చింది కాబట్టి చరిత్ర గురించి నాలుగు మాటలు. ఐజాక్ సింగర్‌కి అమెరికా పేటెంటు 1851 ఆగస్టు 12న వచ్చింది, సంఖ్య 8,294. 1856లో సింగర్‌తో కలిపి మూడు తయారీ కంపెనీలు, పేటెంటుదారు ఎలియాస్ హోవ్ పేటెంట్ల మీద ఒకరినొకరు కోర్టుకి లాక్కోవడం మాని, హక్కులన్నీ ఒకచోట చేర్చి రుసుము పంచుకునే ఏర్పాటు చేసుకున్నారు. 1877లో దాని గడువు ముగిసింది, అప్పటినుంచి కొత్త తయారీదారులు పుట్టుకొచ్చారు. అదే 1856లో కంపెనీ భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ వాయిదాల పద్ధతి మొదలుపెట్టాడు. మిషన్ ధర ఒక మామూలు కుటుంబానికి అందనిది, వాయిదాల వల్లే ఇంటింటికీ చేరింది. నన్నడిగితే సూదీ షటిలూ చేసిన పనికన్నా వాయిదా చీటీ చేసిన పని పెద్దది.

క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీ గడియారపు బురుజు 1963లో కూల్చారు, ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. పక్కనున్న రైల్వే స్టేషను పేరు ఇప్పటికీ సింగరే.

ప్రకటనల సంగతి. 1893 చికాగో ప్రదర్శన సమయంలో కంపెనీ రకరకాల దేశాల వేషధారణలతో రంగుల కార్డులు పంచింది. అసలైన కార్డు అప్పటి రాతిముద్రణ. భూతద్దంతో చూస్తే ముఖంలో, బట్టల మీద చుక్కలు చేత్తో పెట్టినట్టు వంకరటింకరగా, రకరకాల సైజుల్లో కనిపిస్తాయి, రంగులు ఒకదాని మీద ఒకటి కొద్దిగా జరిగి పడతాయి. పువ్వుల్లా గుండ్రంగా వరుసకట్టిన చిన్న చుక్కలు కనిపిస్తే ఆఫ్‌సెట్ నకలు. అస్తవ్యస్తంగా చిమ్మినట్టుంటే ఇంట్లోని ప్రింటరు. చీకట్లో అతినీలలోహిత టార్చి వేసినప్పుడు కాగితం నీలితెలుపుగా మెరిస్తే అందులో తెల్లబరిచే రసాయనం ఉంది. ఆ రసాయనం కాగితాల్లోకి వచ్చింది ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలంలో, కాబట్టి 1893 కార్డు అలా మెరవకూడదు.

గోడకి బిగించే ఎనామెల్ పలకల మీద కూడా ఇలాంటి పరీక్షే. అసలైనదాంట్లో ఒక్కో రంగు వేరే పొరగా కాల్చినది. వేలు పెట్టి రంగు మారే చోట నడిపిస్తే చిన్న మెట్టు తగులుతుంది. వెనకవైపు కూడా నల్లటో బూడిదరంగో పూత ఉంటుంది. మేకు రంధ్రాల చుట్టూ పెచ్చులూడి, ఆ ఊడినచోట నుంచే తుప్పు కారి ఉంటుంది. నకలులో తుప్పు పలకంతా ఒకే తీరుగా, రంధ్రాల దగ్గర మాత్రం పరిశుభ్రంగా ఉంటుంది. ఇది చూసి నవ్వొస్తుంది గానీ, డబ్బు పెట్టినవాళ్ళకి రాదు.

వదంతి:
పాత సింగర్ సూది దగ్గర ఫోను పెడితే సిగ్నల్ పోతుందనీ, లోపల ఎర్ర పాదరసం ఉంటుందనీ, లక్షలిచ్చి కొంటారనీ అంటున్నారు. ఇందులో నిజమెంత?

గ్రీజుచేతులు:
ఏమీ లేదు. 2009లో సౌదీ అరేబియాలో ఈ పుకారు పుట్టి, జనం పాత మిషన్లకోసం ఎగబడ్డారు. ఎర్ర పాదరసం అనే పదార్థమే కట్టుకథ. మిషన్లో ఉండేది పోత ఇనుము, ఉక్కు, నికెల్ పూత, కొంచెం ఇత్తడి, బోలెడు పాత నూనె. ఎవరైనా సూది ఊడదీసి ఫోనుతో పరీక్ష చేస్తానంటే బయటికి పంపేయండి. సిగ్నల్ ఊగేది గది గోడలవల్ల.

కొత్తసూది:
టెన్షన్ బిళ్ళలు ఒకటి తిరగేసి ఉంది, సరిచేశాక ఉండలు పోయాయి. ఇప్పుడు మందపు జీన్సు మీద మధ్య మధ్య కుట్లు తప్పుతున్నాయి. పల్చటి గుడ్డ మీద బాగానే ఉంది. షటిల్ టైమింగ్ (సూదీ షటిలూ కలిసే సమయం) మార్చాలా?

షటిల్:
టైమింగ్ జోలికి అప్పుడే వెళ్ళకండి. 15లో పళ్ళచక్రాలు లేవు, అంతా కడ్డీలూ క్రాంకులే. ఇరుసు స్క్రూ ఎవరో విప్పితే తప్ప దానంతట అది జరగదు. మందపు గుడ్డ మీద మాత్రమే తప్పుతోందంటే ముందు సూది మార్చండి. 15x1, అంటే ఇప్పటి 130/705 సూది, జీన్సుకి 100 లేదా 110 సైజు. 80 సైజు సూది మందపు గుడ్డలో పక్కకి వంగి షటిల్ మొనకి దూరమవుతుంది. సూది పైకంటా తోసి బిగించారో లేదో చూడండి, ఒక మిల్లీమీటరు కిందికి దిగినా కుట్టు తప్పుతుంది. పాదం ఒత్తిడి తక్కువైనా, సూది పైకి లేచేటప్పుడు గుడ్డ కూడా లేచి దారపు ఉచ్చు ఏర్పడదు. పైనున్న ఒత్తిడి స్క్రూ రెండు చుట్లు బిగించండి.

ఇవన్నీ చేసినా తప్పితే అప్పుడు కొలవండి. కొత్త సూది పెట్టి, పలక తీసి, చక్రాన్ని మీవైపు తిప్పుతూ సూదిని అట్టడుగుకి తెండి. అక్కడినుంచి అది 2.4 మిల్లీమీటర్లు పైకి లేచేసరికి షటిల్ మొన సూది మధ్యకి రావాలి, సూది కన్నుకి దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు పైన. సూది కడ్డీ మీద చాలా వాటికి రెండు సన్న గీతలు చెక్కి ఉంటాయి. అట్టడుగున పై గీత, లేచేటప్పుడు కింది గీత బుష్షు అంచుకి సరిగ్గా చేరితే ఎత్తు సరిగా ఉన్నట్టే. ఎత్తు తప్పితే ముఖపు పలక లోపల కడ్డీని పట్టిన స్క్రూ వదులు చేసి జరపండి. జరిపేటప్పుడు కడ్డీ గుండ్రంగా తిరగకుండా చూసుకోండి, తిరిగితే సూది చదును ముఖం షటిల్‌కి వాలుగా అయిపోతుంది.

షటిల్ మొనని భూతద్దంతో చూడండి. విరిగిన సూది తగిలి మొన మొద్దుబారితే దారపు ఉచ్చుని పట్టుకోలేదు. కొంచెం గరుకైతే నూనె రాసిన సన్నటి రాయితో మొన వెనక నుంచి ముందుకి రెండు మూడుసార్లు గీయండి. పొట్టిగా అరిగిపోతే షటిలే మార్చాలి, మొన సాగదీయలేం.

కొత్తసూది:
110 సూది వేసి పాదం ఒత్తిడి పెంచాను. నాలుగు మడతల జీన్సు తప్పకుండా కుడుతోంది. సూది కడ్డీ గీతలు కొలిచాను, సరిగ్గా ఉన్నాయి.

గ్రీజుచేతులు:
ఇంకొక్క చుక్క నూనె షటిల్ గూటి అంచున వేసి, ముందుగా చిరుగు గుడ్డ మీద పది మూరలు కుట్టండి. కొత్తగా వదులైన మురికి అప్పుడు దారంతో పాటు బయటికొస్తుంది, మంచి బట్ట మీద మరక పడదు.